తొమ్మిదేళ్లు చేసి మళ్లీ ‘ఇంజనీరే’నా?

మియాపూర్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సారాంశం ఇది.

ఆమె వయసు 31. కరీంనగర్ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ చేసి, క్యాంపస్ సెలక్షన్‌లో ఒక పెద్ద సర్వీసెస్ కంపెనీలో (బయటి కంపెనీలకు సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టేది) చేరారు. తొమ్మిదేళ్లుగా అక్కడే ఉన్నారు. ఇప్పుడు టెక్నికల్ లీడ్. టీమ్‌లో ఏడుగురు. ప్యాకేజీ 22 లక్షలు. భర్తది కూడా ఐటీ ఉద్యోగమే. నాలుగేళ్ల పాప ఉంది, ఫ్లాట్ ఈఎంఐ నడుస్తోంది, అత్తమామలు వీళ్లతోనే ఉంటారు.

ఆరు నెలలు కష్టపడి ప్రిపేరయితే ఆమెకు రెండు ఆఫర్లు వచ్చాయి. మొదటిది ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉన్న ఒక విదేశీ ప్రొడక్ట్ కంపెనీది (సొంత సాఫ్ట్‌వేర్ తయారు చేసి అమ్మేది). హోదా ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీర్-2’. మొత్తం 42 లక్షలు, అందులో ఫిక్స్‌డ్ 30 లక్షలు. రెండోది మాదాపూర్‌లోని ఒక స్టార్టప్‌ది. అక్కడ పనిచేసేది మొత్తం 18 మంది. హోదా ‘డైరెక్టర్ ఆఫ్ ఇంజనీరింగ్’. ఫిక్స్‌డ్ 33 లక్షలు, దానిపైన ఈసాప్స్, అంటే కంపెనీ షేర్లను ముందే ఖాయం చేసిన ధరకు కొనుక్కునే హక్కు. ఈ సంగతి తెలిసి, ఇప్పుడున్న చోట ఆమె మేనేజర్ ‘ఏప్రిల్‌లో నిన్ను మేనేజర్‌ని చేస్తాం, తొందరపడకు’ అంటున్నారు. నెలాఖరులోగా అందరికీ జవాబు చెప్పాలి.

చిక్కేమిటంటే, మొదటి కంపెనీలో ఆమెను రిఫర్ చేసింది ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్రాడే. ఐదేళ్ల కిందట వెళ్లిపోయాడు. ఇప్పుడక్కడ సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. “ఇప్పటికీ అక్కా అనే పిలుస్తాడు. నేను వెళ్లి వాడికంటే ఒక మెట్టు కింద చేరాలి. వాడికి సంతోషమే. నాకే ముద్ద దిగడం లేదు” అని రాశారు. మామగారు “తొమ్మిదేళ్లు చేసి మళ్లీ ఇంజనీరేనా అమ్మా?” అన్నారట. భర్త డైరెక్టర్ పోస్టు వైపు ఉన్నారు. రెండేళ్లు ఆ పేరుతో పనిచేస్తే తర్వాత ఎక్కడికైనా డైరెక్టర్‌గానే వెళ్లొచ్చని ఆయన లెక్క. స్నేహితురాలేమో “టైటిల్‌లో ఏముందే, జీతం చూసుకో” అంటున్నారు. ఏం చేయాలన్నది ప్రశ్న.

సమాధానం

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. హోదాల గురించి మూడు పేజీలు రాశారు. పని గురించి ఒక్క మాట ఉంది, అదీ చివర్లో: “పాప పడుకున్నాక ఒక గంట నాకోసం కోడ్ రాసుకుంటాను. రోజు మొత్తంలో నాకు నచ్చే గంట అదే.” ఆ మాట గుర్తుపెట్టుకోండి. దాని దగ్గరికి వస్తాను.

ముందు మీ స్నేహితురాలి సలహా సంగతి. టైటిల్‌లో ఏమీ లేదని చెప్పడం కొందరికి సులువు. ఐఐటీలోనో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలోనో చదివినవాళ్లు మీటింగ్‌లో నోరు తెరవగానే అందరూ వింటారు. వాళ్లకు కాలేజీ పేరే సగం హోదా. మీకు ఆ వెసులుబాటు లేదు. టీమ్‌ని నడిపిస్తున్నది మీరే అయినా, క్లయింట్ కాల్‌లో కొత్తగా వచ్చినాయన “మీ లీడ్ ఎప్పుడు జాయిన్ అవుతారు?” అని మిమ్మల్నే అడిగారని రాశారు. పక్కన ఉన్న మీ జూనియర్ అబ్బాయిని చూసి అతనే లీడ్ అనుకున్నారని కూడా రాశారు. అలాంటి చోట మీ పేరు కింద ఉన్న ‘టెక్నికల్ లీడ్’ అనే రెండు మాటలు మీ తరఫున వాదించాయి. ప్రతిసారీ మిమ్మల్ని మీరు నిరూపించుకునే శ్రమను కొంత తగ్గించాయి. చిన్న ఊరి కాలేజీ నుంచి వచ్చినవాళ్లకు, ఆడవాళ్లకు హోదా పనికొచ్చే వస్తువు. దాన్ని వదులుకోవాలంటే బాధగా ఉండటంలో తప్పేమీ లేదు. ఇది గర్వమేమోనని ఉత్తరంలో మిమ్మల్ని మీరే తిట్టుకున్నారు. ఆ తిట్లు మానేయండి.

అయితే హోదా అనే మాట చెల్లుబాటయ్యే హద్దు చాలా చిన్నది. కంపెనీ గేటు దాటితే దాని విలువ మారిపోతుంది. నానక్‌రామ్‌గూడ చుట్టుపక్కలే చూడండి. చాలా ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల టెక్ సెంటర్లలో అనలిస్ట్, అసోసియేట్ తర్వాత వచ్చే మెట్టే వైస్ ప్రెసిడెంట్. కింద ఒక్క మనిషి కూడా లేకుండా రోజంతా కోడ్ రాసుకునే వీపీలు అక్కడ ఎంతోమంది. ఆ పక్కనే ఉన్న సర్వీసెస్ కంపెనీలో వీపీ అంటే వందలమందిని చూసే మనిషి. అమెజాన్‌లో ఎల్-5 (ఐదో లెవెల్) అంటే ఎస్‌డీఈ-2, అంటే సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ ఇంజనీర్-2, గూగుల్‌లో ఎల్-5 అంటే సీనియర్ ఇంజనీర్. మైక్రోసాఫ్ట్‌లో అంకెలే వేరు, అక్కడ సీనియర్ 63 దగ్గర మొదలవుతుంది. ఒరాకిల్‌లో, సేల్స్‌ఫోర్స్‌లో ‘మెంబర్ ఆఫ్ టెక్నికల్ స్టాఫ్’ అనే హోదా ఉంది. మీ మామగారికి చెబితే అదేదో క్లబ్బులో సభ్యత్వం అనుకుంటారు. కానీ ఆ హోదాలో ఉన్నవాళ్లు మంచి జీతంతో మంచి పని చేస్తున్న ఇంజనీర్లు.

సర్వీసెస్ కంపెనీల్లో మెట్లు చిన్నవి, ఎక్కువ. ట్రైనీ, ఇంజనీర్, సీనియర్ ఇంజనీర్, అనలిస్ట్, లీడ్ అంటూ రెండు మూడేళ్లకోసారి పేరు మారుతుంది. క్లయింట్‌కు వేసే బిల్లు చాలా ప్రాజెక్టుల్లో మనిషి రోల్‌ని బట్టే ఉంటుంది కాబట్టి అక్కడ పేర్లకు వ్యాపార అవసరం ఉంది. పెద్దగా జీతం పెంచకుండా మనిషిని నిలుపుకోవడానికి కూడా ఆ పేర్లు పనికొస్తాయి. ప్రొడక్ట్ కంపెనీల్లో మెట్లు తక్కువ, ఒక్కో మెట్టు ఎత్తుగా ఉంటుంది. ‘ఇంజనీర్-2’లో మూడేళ్లవాళ్లూ ఉంటారు, పదేళ్లవాళ్లూ ఉంటారు. చాలా చోట్ల సీనియర్ దాకా వచ్చి అక్కడే ఎన్నేళ్లు ఉండిపోయినా ఎవరూ ఏమీ అనరు. కాబట్టి ‘లీడ్ నుంచి ఇంజనీర్-2కి దిగిపోతున్నాను’ అనే లెక్క తప్పు. అవి ఒకే నిచ్చెనకున్న రెండు మెట్లు కావు.

అంతమాత్రాన మొదటి ఆఫర్‌లో చూసుకోవాల్సింది ఏమీ లేదని కాదు. వాళ్లిచ్చిన లెవెల్ సరైనదేనా అన్న ప్రశ్న చాలా పెద్దది. పేరుకంటే దాని వెనకున్న ఆ లెవెలే మీ జీతం ఏ హద్దుల మధ్య తిరగాలో, షేర్లు ఎన్ని రావాలో, ఏడాది చివర మిమ్మల్ని ఎవరితో పోల్చి చూడాలో నిర్ణయిస్తుంది. చేరిన తర్వాత అది మారాలంటే ప్రమోషన్ ఒక్కటే దారి. దానికి రెండేళ్లు పట్టొచ్చు, ఎక్కువే పట్టొచ్చు. చేరకముందు మాత్రం ఒక ఫోన్ కాల్‌తో మారే అవకాశం ఉంది. అందుకే ఇది ఇప్పుడే అడగాల్సిన విషయం.

రిక్రూటర్‌ను అడగండి, వీలైతే హైరింగ్ మేనేజర్‌తోనే పదిహేను నిమిషాలు కావాలనండి. “నాకు తొమ్మిదేళ్ల అనుభవం ఉంది. ఈ లెవెల్‌లో నన్ను పెట్టడానికి ఇంటర్వ్యూలో ఏ రౌండ్ కారణం? సీనియర్‌కి నన్ను మళ్లీ పరిశీలించే అవకాశం ఉందా?” అని నేరుగా అడగండి. ఇలా అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకోవడం చాలా అరుదు. ఎక్కువ చోట్ల ఈ తేడా సిస్టమ్ డిజైన్ రౌండ్‌లోనే, అంటే ఒక పెద్ద సిస్టమ్‌ను ఎలా కడతారో చెప్పమనే రౌండ్‌లోనే వస్తుంది. సర్వీసెస్ ప్రాజెక్టుల్లో ఆర్కిటెక్చర్ తరచుగా క్లయింట్ వైపు నుంచే వస్తుంది కాబట్టి, తొమ్మిదేళ్లు చేసినవాళ్లు కూడా ఆ రౌండ్‌లో తడబడతారు. మీ విషయంలో కారణం అదే అయితే ఇంకో రౌండ్ పెట్టమని అడగొచ్చు. కొన్ని కంపెనీలు పెడతాయి, కొన్ని కుదరదంటాయి.

వాళ్లు ఒప్పుకుని సీనియర్ ఇస్తే మంచిదే. కానీ మొదటి రోజు నుంచే మిమ్మల్ని సీనియర్‌గానే తూకం వేస్తారు. కొత్త కోడ్, కొత్త పద్ధతులు, ఇంట్లో నాలుగేళ్ల పాప, వీటితో పాటు ఇంకో టీమ్‌ను ఒప్పించి పని చేయించాల్సిన బాధ్యత. ఏడాది తిరిగేసరికి అంచనా అందుకోకపోతే పెర్ఫార్మెన్స్ ప్లాన్ (గడువు పెట్టి పని మెరుగుపరుచుకోమనడం) అనే టెన్షన్. ఒప్పుకోకపోతే, ఇంజనీర్-2లో మొదటి ఏడాది కాస్త ఊపిరి పీల్చుకుంటూ నేర్చుకోవచ్చు. దానికీ ఒక ఇబ్బంది ఉంది. మీ జీతం ఆ లెవెల్ హద్దుల్లో పై అంచున ఉంటే, ప్రమోషన్ వచ్చేదాకా ఇంక్రిమెంట్లు నామమాత్రంగా ఉంటాయి. అందుకే “ఈ బ్యాండ్‌లో నా జీతం ఎక్కడుంది? ఈ టీమ్‌లో ఇంజనీర్-2 నుంచి సీనియర్ అయినవాళ్లకు మామూలుగా ఎంతకాలం పట్టింది?” అని కూడా అడగండి. రెండో ప్రశ్నకు మేనేజర్ తడుముకోకుండా జవాబు చెబితే అక్కడ మనుషులు పైకి వెళ్తున్నారని అర్థం. “అది మీ మీదే ఆధారపడి ఉంటుంది” అని దాటేస్తే దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

42 లక్షల అంకె గురించి ఒక్క మాట. ఫ్లాట్ కొన్నారు కాబట్టి సూపర్ బిల్టప్ ఏరియాకు, కార్పెట్ ఏరియాకు తేడా మీకు తెలుసు. సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) కూడా అంతే. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, ఐదేళ్లుంటే తప్ప చేతికి రాని గ్రాట్యుటీ, వస్తుందో రాదో తెలియని బోనస్, నాలుగేళ్లలో విడతలుగా వచ్చే షేర్లు అన్నీ కలిపి అంత చెబుతారు. లిస్టెడ్ కంపెనీ షేర్లయితే అవి మీ పేరు మీదకు వచ్చిన రోజే జీతంలాగా పన్ను పడుతుంది. నెలనెలా బ్యాంకులో పడేది స్టార్టప్‌లోనే కొంచెం ఎక్కువ. ఈఎంఐ కట్టేది దానితోనే కాబట్టి పోలిక అక్కడ మొదలుపెట్టండి.

ఇక డైరెక్టర్ ఉద్యోగం. మీవారి లెక్కలో ఒక పొరపాటుంది. 18 మంది ఉన్న కంపెనీలో డైరెక్టర్‌గా చేసి, రెండేళ్ల తర్వాత పెద్ద కంపెనీకి వెళ్తే వాళ్లు మీ కార్డు మీద ఉన్న పేరు చూడరు. ఎంతమందిని మీరే ఇంటర్వ్యూ చేసి తీసుకున్నారు, ఎవరి జీతం మీరు నిర్ణయించారు, సరిగా చేయని మనిషితో ఎలా మాట్లాడారు, సిస్టమ్ పడిపోయిన రాత్రి ఏం చేశారు అని అడుగుతారు. దాన్ని బట్టి వాళ్ల నిచ్చెనలో ఏదో ఒక మెట్టు ఇస్తారు. అది మేనేజర్ కావచ్చు, సీనియర్ ఇంజనీర్ కావచ్చు. డైరెక్టర్ మాత్రం దాదాపు ఉండదు. చట్టం చూపు కూడా ఇదే. ఒక మనిషి కార్మిక చట్టం కిందికి వస్తారా రారా అని తేల్చాల్సి వచ్చినప్పుడు, కోర్టులు హోదా పేరుకంటే ప్రధానంగా చేసే పనేమిటనే చూస్తాయి.

కాబట్టి ఆ స్టార్టప్‌లో పేరు వెనక పని ఉందా లేదా అన్నదే తేల్చుకోవాలి. మీ కింద ఎవరు పనిచేస్తారు? కొత్తవాళ్లను తీసుకునే నిర్ణయం మీదా, ఫౌండర్లదా? క్లౌడ్ బిల్లుకు, జీతాలకు మీ చేతిలో బడ్జెట్ అంటూ ఉందా? సీటీఓ (టెక్నాలజీ మొత్తానికి అధిపతి) ఉన్నారా? లేకపోతే వచ్చే ఏడాది కొత్త పెట్టుబడి రాగానే బయటినుంచి ఒకరిని తెచ్చి మీ పైన కూర్చోబెట్టే ఆలోచన ఉందా? ఈ చివరి ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు. మీరు పడకండి. వాళ్ల జవాబు ఎలా ఉన్నా, ‘డైరెక్టర్’ అనే పేరు వాళ్లు మీ పని చూసి ఇచ్చారో, అక్కడున్న 18 మందిలో సగానికి కూడా అలాంటి పేరే ఉందో లింక్డ్‌ఇన్‌లో ఆ కంపెనీ పేజీ చూస్తే తెలిసిపోతుంది.

జీతాలు సమయానికి పడుతున్నాయా అన్నది వాళ్లను అడగకుండానే కొంతవరకు తెలుసుకోవచ్చు. ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో ‘ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్’ అని ఉంటుంది. అందులో కంపెనీ పేరు కొడితే ఏ నెలకు ఎంతమంది ఉద్యోగులకు పీఎఫ్ కట్టారో, ఎప్పుడు కట్టారో కనిపిస్తుంది. ఆరు నెలల కిందట 30 మందికి కట్టి ఇప్పుడు 18 మందికి కడుతుంటే ఆ తగ్గుదలకు కారణం అడగాలి. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కొద్దిపాటి ఫీజు కడితే ఆ కంపెనీ దాఖలు చేసిన వార్షిక లెక్కలు చూడొచ్చు. ఒక సాయంత్రం కేటాయిస్తే చాలు. ఫౌండర్‌ను “ఇప్పుడున్న డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుంది?” అని కూడా అడగండి. డైరెక్టర్‌గా తీసుకోవాలనుకునే మనిషికి ఆ సంఖ్య చెప్పలేకపోతే, ఆ హోదా ఎంత నిజమో మీకే తెలిసిపోతుంది.

ఈసాప్స్ విషయంలో నా సలహా కాస్త జాగ్రత్త వైపే ఉంటుంది. మన చట్టం ప్రకారం ఇచ్చిన రోజు నుంచి కనీసం ఏడాది గడిస్తేనే అవి చేతికి రావడం మొదలవుతుంది. వాటిని షేర్లుగా మార్చుకున్న రోజున, అమ్మకపోయినా సరే, ఆనాటి విలువకూ మీరు కట్టిన ధరకూ మధ్య తేడాను జీతంగా లెక్కేసి పన్ను వేస్తారు. కొన్ని గుర్తింపు పొందిన స్టార్టప్‌లకే అది వాయిదా వేసుకునే వీలుంది. ఉద్యోగం మానేస్తే ఎన్ని రోజుల్లో మార్చుకోవాలో కూడా అడగండి. ఆ గడువు చాలా చోట్ల చిన్నది. ఈఎంఐ ఉన్న ఇంట్లో ఈసాప్స్‌ను సున్నాగా లెక్కేసుకుని నిర్ణయం తీసుకోవడం మంచిది.

ఇంత చెప్పినా, ఆ పోస్టును తీసిపారేయడం లేదు. జవాబులు బాగుంటే అక్కడ రెండేళ్లలో నేర్చుకునేది ఇంకెక్కడా దొరకదు. మొత్తం సిస్టమ్ మీ చేతుల మీదుగా కట్టొచ్చు. పదిమందిని మీరే ఎంచుకోవచ్చు. డబ్బయిపోయి కంపెనీ మూతపడ్డా ఆ అనుభవం మీదే. మీవారి జీతంతో ఆరు నెలలు ఇల్లు గడుస్తుందా అన్న ప్రశ్నకు ఇద్దరూ కూర్చుని కాగితం మీద లెక్క వేసుకుంటే, ఆ రిస్క్ మీరు తీసుకోగలరో లేదో తేలుతుంది. ఒక్క ప్రశ్న మాత్రం మిగులుతుంది. అక్కడ మీకు కోడ్ రాసే గంట ఉంటుందా? చిన్న స్టార్టప్ డైరెక్టర్లు కొందరు రోజంతా కోడే రాస్తారు, కొందరు కస్టమర్ కాల్స్‌లోనే ఉండిపోతారు. ఒక మామూలు మంగళవారం మీ రోజు ఎలా ఉంటుందో చెప్పమని ఫౌండర్‌ను అడగండి.

ఇప్పుడున్న చోట ఉండిపోవడం గురించి ఎక్కువ రాయను. ‘ఏప్రిల్‌లో చేస్తాం’ అన్న మాట మెయిల్‌లో లేదు. ఇన్నాళ్లూ రాని ఆ మాట మీకు ఆఫర్లు వచ్చాకే వచ్చింది. ఒకవేళ నిజమైనా, అక్కడ మేనేజర్ అయితే చేసేది బిల్లింగ్ షీట్లు, రిసోర్స్ ప్లానింగ్, ఎస్కలేషన్ కాల్స్. మీకు నచ్చే ఆ గంట ఇంకా రాత్రిలోకి జరుగుతుంది. పైగా మేనేజర్ అనే పేరుకు ఇప్పుడు పాత భద్రత లేదు. 2024 సెప్టెంబర్‌లో అమెజాన్ తన సంస్థల్లో మేనేజర్లతో పోలిస్తే నేరుగా పనిచేసేవాళ్ల నిష్పత్తిని కనీసం 15 శాతం పెంచాలని బహిరంగంగానే ప్రకటించింది. మధ్య స్థాయి మేనేజర్లను తగ్గించే ఆలోచన పరిశ్రమలో చాలా చోట్ల నడుస్తోంది. మీవాళ్లు మాట మీద నిలబడతారని నమ్మకం ఉంటే, కొత్త హోదా, కొత్త జీతం, తేదీ మూడూ మెయిల్‌లో పంపమనండి. పంపకపోతే ఆ దారి మూసుకుపోయినట్టే అనుకోండి.

ఇప్పుడు అసలు ముల్లు దగ్గరికి వస్తాను. ఆ కుర్రాడు.

మీ ఉత్తరంలో అక్షరాలు తడబడింది అతని గురించి రాసిన చోటే. తప్పుల్లేకుండా ఎలా రాయాలో మీరు నేర్పారు, ప్రొడక్షన్‌లో సమస్య వస్తే ఎలా కంగారుపడకూడదో నేర్పారు. అతను ముందుకెళ్లాడు, మీరు ఉన్నచోటే ఉండిపోయారనిపిస్తోంది. ఒకసారి ఆ ఐదేళ్లు విడదీసి చూడండి. ఆ ఐదేళ్లలోనే మీకు పాప పుట్టింది. మెటర్నిటీ లీవు నుంచి తిరిగొచ్చాక మీకు ఇచ్చిన ప్రాజెక్టు ఎవరికీ అక్కర్లేనిదని మీరే రాశారు. దాన్ని నిలబెట్టి ఏడుగురి టీమ్ చేశారు. అతను అదే కాలంలో పెద్ద స్థాయిలో నడిచే సిస్టమ్‌లు కట్టడం నేర్చుకున్నాడు. ఇద్దరూ కష్టపడ్డారు, వేర్వేరు పనుల మీద. ఆ కంపెనీ నిచ్చెన ఇప్పుడు అతని పనిని కొలవగలుగుతోంది, మీ పనిని ఇంకా కొలవలేదు.

ఇంకో సంగతి కూడా చూడండి. అతను మీరు బాగా చేస్తారని నమ్మి తన పేరు పెట్టి రిఫర్ చేశాడు. మీ దగ్గర నేర్చుకున్నది అక్కడ పనికొచ్చిందని అతనికి తెలుసు. అతన్ని ఒక శనివారం టీకి పిలవండి. మీ టీమ్‌లు వేరని రాశారు కాబట్టి అతను మీకు బాస్ కాడు. నిజం చెప్పే మనిషి. రిక్రూటర్ చెప్పనివన్నీ అతన్ని అడగొచ్చు: ప్రమోషన్‌కు ఎంత పట్టింది, సాయంత్రం ఏడు తర్వాత అమెరికా కాల్స్ ఎన్ని, చిన్నపిల్లలున్న తల్లులు ఆ టీమ్‌లో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో సీనియర్లు అయినవాళ్లు ఉన్నారా. ‘నాకు కాస్త ఇబ్బందిగా ఉందిరా’ అని అతనికి చెప్పినా తప్పులేదు. అక్కా అని పిలిచేవాడు ఆ మాట అర్థం చేసుకుంటాడు. రోజూ క్యాంటీన్‌లో కనిపించే మనిషి దగ్గర ఆ ఇబ్బందిని ఏడాది పొడవునా దాచుకోవడం కష్టం. కలిసి మాట్లాడాక కూడా గొంతులో అడ్డుపడుతూనే ఉంటే, అది మొదటి ఆఫర్‌కు వ్యతిరేకంగా నిజమైన కారణమే. దాన్ని కూడా లెక్కలో వేయండి. చిన్నదని కొట్టేయకండి.

మామగారి ప్రశ్నలో వెక్కిరింపు లేదని మీరే అన్నారు. ఆయన ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. అక్కడ ఏఈ తర్వాత డీఈ, ఆ తర్వాత ఈఈ, ఎస్‌ఈ. పేరు మారితేనే మనిషి ఎదిగినట్టు. ఆ లెక్క ఆయన జీవితంలో నిజం. “మామయ్యా, ఇది వేరే డిపార్ట్‌మెంట్‌కు ట్రాన్స్‌ఫర్ లాంటిది. అక్కడి సర్వీసు మొదటి నుంచి లెక్కేస్తారు, జీతం మాత్రం ఇక్కడికంటే ఎక్కువ” అని చెప్పండి. ఆయనకు వెంటనే అర్థమవుతుంది. బంధువులకు ఏం చెప్పాలన్నది ఆయనే చూసుకుంటారు.

నా మొగ్గు ఎటో దాచను. కోడ్ రాసే గంట మీకు ముఖ్యమైతే మొదటి ఆఫర్, లెవెల్ గురించి అడిగి చూశాక, ఆ జవాబు ఎలా వచ్చినా. ఒకవేళ మనుషులను తయారు చేయడమే మీకు ఎక్కువ తృప్తినిస్తుందనిపిస్తే స్టార్టప్, కానీ పైన రాసిన ప్రశ్నలకు సూటిగా జవాబులు వస్తేనే. ఆ కుర్రాడి గురించి మీరు రాసిన తీరు చూస్తే ఆ రెండోది కూడా మీలో బలంగానే ఉంది. ఏది ఎక్కువో నాకంటే మీకే తెలుసు. మొదటి కంపెనీలో చేరితే, ఇంజనీర్-2గా ఉంటూనే కొత్తగా చేరినవాళ్లకు మెంటర్‌గా ఉండే వీలుందా అని మేనేజర్‌ను అడగండి. సీనియర్ ప్రమోషన్ కాగితాల్లో ఆ పని కూడా రాస్తారు కాబట్టి అది వృథా పోదు. ఎదుటివాళ్లు లీడ్‌గా గుర్తించకపోయినా లీడ్ పని చేయడం మీకు కొత్తేమీ కాదు. క్లయింట్ కాల్స్‌లో చేస్తున్నది అదే.

రెజ్యూమె విషయంలో ఒక జాగ్రత్త. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో హోదాను రిలీవింగ్ లెటర్‌తో సరిచూస్తారు. లెటర్‌లో ఏ పేరుంటే రెజ్యూమెలో అదే రాయండి. ఏడుగురి టీమ్ నడిపిన సంగతి దాని కింద వివరంగా రాయండి. భర్తో స్నేహితులో పేరు కాస్త పెంచి రాయమంటే వద్దనండి.

నెలాఖరు గడువు దగ్గరపడిందని భయపడొద్దు. వారం అదనంగా అడిగితే చాలామంది రిక్రూటర్లు ఇస్తారు. రెండు ఆఫర్లకూ సరే అని చెప్పి 90 రోజుల నోటీసు పీరియడ్ అయ్యేదాకా ఇద్దరినీ నాన్చే పద్ధతి హైదరాబాద్‌లో మామూలైపోయింది. మీరు అలా చేయకండి. ఆ కంపెనీ రికార్డుల్లో మీ పేరు చెడుతుంది, మిమ్మల్ని రిఫర్ చేసిన అబ్బాయి మాట కూడా పోతుంది. తొమ్మిదేళ్లు ఒకే చోట చేశారు కాబట్టి గ్రాట్యుటీ మీ హక్కు. చివరి నెల బేసిక్‌ను 26తో భాగించి, 15తో, తర్వాత సర్వీసు ఏళ్లతో గుణిస్తే వచ్చే మొత్తం అది. డీఏ ఉంటే బేసిక్‌తో కలపాలి. 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్ ప్రకారం, అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే దాటిన భాగాన్నీ కలపాలి. సెటిల్‌మెంట్‌లో అది ఉందో లేదో చూసుకోండి. ఏ ఆఫర్ ఎంచుకున్నా లెవెల్, ఫిక్స్‌డ్ జీతం, షేర్ల సంఖ్య, అవి వచ్చే తేదీలు, జాయినింగ్ బోనస్ ఉంటే మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలన్నది, ఇవన్నీ కాగితం మీద వచ్చి మీరు సంతకం చేసేదాకా రాజీనామా పెట్టకండి.